బడి మీద వాలుగ

18 డిసెంబర్ 2024, బుధవారం

శనివారం జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటున్నాను. వచ్చినవాళ్లకు చెప్పీ చెప్పీ మాటలు మారిపోతున్నాయి.

రెండో శనివారం. నా భార్య ఆండాళు టీచరు, ఆ రోజు ఆమెకు బడి లేదు. ఆరింటికి లేచింది. టీ ఇచ్చి, "ఇయ్యాల కిష్ట్యా పడవ మీద పోదామా?" అని అడిగింది. మట్టపల్లి వాళ్ల పడవకు ఇంజన్ బిగించి ఇవ్వాలి, కుదరదన్నాను.

"ఇంకొకటా?" అంది.

షాపు పెట్టినప్పుడు పొలాల ఆయిల్ ఇంజన్లే చూసేవాణ్ణి. మూడేళ్ల నుంచి చేపల పడవలకూ బిగిస్తున్నాను. అది పదకొండోది.

"మీ ఇంజన్లు మీరు బిగించుకోండ్రి. మా కిష్ట్యా పడవ జోలికి మాత్రం రాకుండ్రి" అంది. కోపంగా అనలేదు.

తొమ్మిదింటికి షాపుకు వెళ్లాను. ఒంటిగంటకు అన్నానికి వచ్చాను. టమాటా పప్పు, వంకాయ. ఆమె రెండు ముద్దలు తిని లేచింది. గ్యాస్ అంది. నేను మళ్లీ షాపుకు వెళ్లాను. మూడున్నరకు ఫోన్ చేసి, "జర జల్ది రాండ్రి" అంది. ఇరవై ఆరేళ్లలో నన్ను తొందరపెట్టడం అదొక్కసారే.

కారులో సూర్యాపేటకు బయలుదేరాం. మునగాల దాకా మాట్లాడింది. సోమవారం బడి తాళాలు ఎవరికి ఇవ్వాలో చెప్పింది. మునగాల దాటాక మాట్లాడలేదు. నిద్రపోయింది అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

దవాఖానకు చేరేసరికి ఐదు దాటింది. డాక్టరు చిన్నవాడు. "దారిలోనే అయిపోయింది సార్" అన్నాడు. తర్వాత వాచ్‌మన్ వచ్చి, కారు ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది, ఆపమంటారా అని అడిగాడు.

ఇంతే జరిగింది.


24 డిసెంబర్

పదకొండో రోజు. సాగర్ కాల్వ గట్టు మీద పిట్టకు పెట్టాం. విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, బజారులో కొన్న చేప. కాకి వచ్చింది. వచ్చి కరెంటు తీగ మీద కూర్చుంది. కిందికి దిగలేదు. గంట గడిచింది.

ఆండాళు అక్క బుచ్చమ్మ వదిన నడిగూడెం నుంచి వచ్చింది. విస్తరి ముందు కూర్చుని బతిమాలింది. "ఏం గావాలె చెల్లే? చీర గావాల్నా? మీ ఆయన ఫికరా? నేను జూస్కుంట. నెలకోపాలి వచ్చి వండి పెడ్త."

కాకి ఇంకో తీగ మీదికి జరిగింది.

"వదినె వంట అన్నంక ఉన్న కాకి గూడ పోయేటట్టుంది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు. ఆండాళు ఉంటే ఆమే ముందు నవ్వేది.

కిష్ట్యా, అతని భార్య గౌరీబాయి దూరంగా నిలబడ్డారు. కిష్ట్యా ఆండాళు దగ్గర ఒకటి నుంచి ఐదు దాకా చదివినవాడు. దగ్గరికి వచ్చి నా చెవిలో మెల్లగా, "సార్, వాలుగ చేప" అన్నాడు.

అందరికీ ఆకలిగా ఉంది. ఎండ పెరుగుతోంది. నేను లేచి, "బడి కాడి వాలుగను ఏడాది లోపల నా చేతితో పట్టుకొచ్చి నీకు పెడత" అన్నాను. మాట పూర్తయ్యేలోపే కాకి దిగింది. చేపనే ముందు ముట్టింది.

నేను బీఎస్సీ చదివాను. నేను లేవగానే మిగతావాళ్లు కూడా లేచి వెనక్కి జరిగారు, కాకికి చోటు దొరికింది. అంతకంటే ఏమీ లేదు.

బుచ్చమ్మ వదిన కళ్లు తుడుచుకుని చెప్పింది. "మాటిచ్చినవ్ మరిదీ. అది తీరితెనే దానికి తొవ్వ దొరుకుతది. అందాక ఈన్నే తిరుగుతుంటది."

అందాక ఇక్కడే తిరుగుతుందట.


27 డిసెంబర్

నిద్ర లేదు. కనుక రాస్తున్నాను.

ఆమె మొదటి ఉద్యోగం కృష్ణ ఒడ్డు తండాలో. రెండు గదుల బడి, ముందు వరండా. పన్నెండేళ్లు అక్కడే చేసింది. పులిచింతల నీళ్లు నిలిచాక తండా మునిగింది. బడి, నీళ్ల ట్యాంకు, కిష్ట్యా తండ్రి మిరపచేను మునిగాయి. తండావాళ్లు పైకి వచ్చి కాలనీలో ఉన్నారు. తండ్రి చేను మీదే కిష్ట్యా ఇప్పుడు పడవ వేసి వలలు కడుతున్నాడు.

రెండో శనివారం వస్తే ఆమె అతని పడవ ఎక్కేది. గాలం వేసేది. నేను మూడుసార్లు వెళ్లాను. నాలుగోసారి ఎందుకు వెళ్లలేదో ఇప్పుడు గుర్తు లేదు. విసుగు అనుకుంటాను.

పడవలో చెప్పులు విప్పించేది. టిఫిన్ డబ్బాను చెక్క మీద పెట్టనిచ్చేది కాదు, తువ్వాల మడిచి దాని మీద పెట్టేది. "చెక్క మీద టక్కుమంటే కింద డప్పు గొట్టినట్టు ఉంటది వాటికి" అనేది. నీళ్లను చూసి గదులు చెప్పేది. ఇది ఒకటో తరగతి, ఇది వంట గది, ఇక్కడ గంట వేలాడేది.

వరండా దగ్గర ఒక పెద్ద వాలుగ ఉండేది. దాని ఒడ్డూ పొడవూ ఆమె చేతులు చాపి చూపించేది, ప్రతిసారీ కొంచెం ఎక్కువ చాపేది. రెండుసార్లు దారం తెంపింది. "హాజరు పలుకుతది, క్లాసుకు మాత్రం రాదు" అని నవ్వేది.


12 జనవరి 2025, ఆదివారం

వెళ్లాను. కిష్ట్యా తెడ్డు వేశాడు, మధ్యలో నేనూ వేశాను. ఒడ్డు నుంచి బడి మీదికి గంటా ఇరవై నిమిషాలు. నడుము పట్టేసింది. చేరేసరికి ఎండెక్కింది. ఏమీ పడలేదు.

ఇలా అయితే ఏడాది చాలదు.


26 జనవరి

కిష్ట్యా పడవకు ఇంజన్ బిగించాను. ఐదు హెచ్‌పీ. పొడుగు రాడ్డు, చివర రెక్కలు. షాపులో ఉన్నవాటిలో మంచిది. ఊరికే ఇచ్చాను. కిష్ట్యా వద్దనలేక తల గోక్కున్నాడు.

గౌరీబాయి ఒడ్డున వల విప్పుతోంది. "టీచరమ్మ వద్దన్నది గద సారూ?"

"ఆమె కోసమే గదా" అన్నాను.

"గట్లనా" అంది. వల వైపు తిరిగింది.

పదిహేను నిమిషాల్లో బడి మీద ఉన్నాం. గంటా ఐదు నిమిషాలు మిగిలాయి. ఏమీ పడలేదు.


9 ఫిబ్రవరి

ఏమీ పడలేదు. చిన్న చేపలు, పరకలు కూడా ముట్టలేదు. ఎరగా గుచ్చిన పరక గాలానికి అలాగే బతికి ఉంది, దాన్ని వదిలేశాను.


16 మార్చి

నీళ్లు తగ్గుతున్నాయి. కిష్ట్యా ఈ రోజు నోరు విప్పాడు.

"సార్, గాడ నది పాయల ఏడెనిమిది నిలువుల లోతుంటది. మీదికెల్లి ఇంజన్ పోయినా కిందున్నదానికి ఫరక్ పడది. గీడ బడి మీద రెండు నిలువులు గూడ లేవు. గిదంత రేకుడబ్బ లెక్క. ఇంజన్ పెట్టినమంటే డబ్బల రాళ్లేసి ఊపినట్టే."

"మరి మట్టపల్లి వాళ్లకు పడుతున్నాయి గదా?"

"వాళ్లు లోతుల ఏస్తరు. మన వాలుగ తెల్లారిజాము పరకల కోసం మీదికొస్తది. గప్పుడు సప్పుడు ఇన్నదంటే ఇగ రెండు మూడు దినాలు ఈ దిక్కు రాదు."

"ఎంత దూరంలో ఆపమంటావు?"

"మా నాయిన బోరు కాడ ఆపి, తెడ్డేసుకొని పోదాం సార్. టీచరమ్మ గాడికెల్లి నోరు గూడ తెరవనిస్తుండె గాదు."

అతని నాయన బోరు ఎక్కడుందో నాకు కనిపించదు. అంతటా నీళ్లే. అతను వేలు చూపించిన చోటు నుంచి బడికి రెండు ఫర్లాంగులు ఉంటుంది.

సరే అన్నాను. వచ్చే ఆదివారం బోరు దగ్గర ఇంజన్ ఆపాలి.


23 మార్చి

నడుము నొప్పి. బడి దాకా ఇంజన్ మీదే వెళ్లాం. ఏమీ పడలేదు.

వచ్చే ఆదివారం బోరు దగ్గర ఆపాలి.


6 ఏప్రిల్

గాలి ఎక్కువ. తెడ్డుకు పడవ నిలవదు అనిపించింది. బడి దాకా ఇంజన్ మీదే.


11 మే

బడి స్లాబు మీద మోకాలి లోతే. పడవ దిగి నిలబడ్డాను. కాళ్ల కింద నాచు. నాలుగు అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు వేశాను. పైకప్పు మీద నడుస్తున్నాను, ఆమె పన్నెండేళ్లు దీని కింద ఉంది.

"ఇప్పుడది నది పాయలకు దిగింది సార్. నీళ్లొచ్చినంకనే మళ్లొస్తది" అన్నాడు కిష్ట్యా.

నాకు నిమ్మళంగా అనిపించింది. మూడు నెలలు ఎవరూ నన్ను అడగరు.


8 జూన్

ఆమె బీరువా తెరిచాను. మూశాను.


22 జూన్

బుచ్చమ్మ వదిన వచ్చి అన్నంత పనీ చేసింది. వండి పెట్టింది. చేపల పులుసులో ఉప్పు లేదు. తిన్నాను.

"వాలుగ సంగతి ఏమాయె మరిదీ?"

నీళ్లు లేవన్నాను.

"కోదాడ మార్కెట్ల దొరకదా? ఐసు పెట్టెల నిండ ఆంధ్రకెల్లి వస్తున్నయి గద. పిట్టకేం దెలుస్తది?"

నా చేతితో అన్నాను కదా వదినా, అన్నాను. గట్టిగా అన్నాను. ఆమె నా ముఖం చూసి ఇంకో గరిటె పులుసు వేసింది.


9 జులై

మిర్యాలగూడ వెళ్లాను. బద్రీనాథ్ గారి రైస్ మిల్లులో జనరేటర్ పని. మిల్లు నడుస్తుంటే పక్క మనిషి మాట వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. ఆ మోతలో ఇద్దరు హమాలీలు బస్తాల మీద పడి గురక పెట్టి నిద్రపోతున్నారు. నేను జనరేటర్ మార్చడానికి మిల్లు ఆపించాను. చప్పుడు ఆగిన క్షణంలో ఇద్దరూ ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

"చూశారా ధనుంజయ్ గారూ, లాలి ఆపితే పిల్లలు లేచినట్టు" అని బద్రీనాథ్ గారు నవ్వారు.

దారంతా ఇదే ఆలోచన. భయపెట్టేది చప్పుడు కాదు, చప్పుడు మారడం. ఇంజన్ ఒకే తీరుగా నడుపుతూ బడి మీద చుట్టూ తిరుగుతుంటే వాలుగకు అలవాటు అవుతుంది. ఆపకూడదు, పెంచకూడదు, తగ్గించకూడదు. ఇందులో సైన్సు ఉంది.


3 ఆగస్టు

సాగర్ గేట్లు ఎత్తారు. నీళ్లు వచ్చాయి. బడి మీద మూడు నిలువులు ఉందన్నాడు కిష్ట్యా.

నా పద్ధతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివరికి, "మరి ఇంజన్ ఆగకుంట తిరుగుతుంటె గాలం దారం రెక్కలకు సుట్టుకోదా సార్?" అని అడిగాడు.

సుట్టుకుంది. రెండుసార్లు.


24 ఆగస్టు

ఏమీ పడలేదు. వచ్చే ఆదివారం బోరు దగ్గర ఆపాలి.


21 సెప్టెంబర్, పెత్తరమాస

పొద్దున్నే వెళ్లాను. గౌరీబాయి బతుకమ్మ పూలకని పోయింది, కిష్ట్యాకు జ్వరం. ఒక్కడినే వెళ్లాను. ఏమీ పడలేదు. పెట్రోల్ అయిపోయి, వచ్చేటప్పుడు తెడ్డు వేయాల్సి వచ్చింది. ఇంజన్ రేకు తగిలి కుడి అరచేయి తెగింది. పెద్దది కాదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి ఆమె పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చాను.


12 అక్టోబర్

మబ్బు. ఒడ్డున గౌరీబాయి ఒక్కతే ఉంది. వలలో నాలుగు జెల్లలు. గంప అడుగు కూడా కప్పలేదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతనే సారూ. ఇంజన్ వచ్చినకాడికెల్లి ఇంతనే. మేం లోతులకు పోయేటోళ్లం గాదు గద. మా వలలు మా చేన్లనే. రెండు నిలువుల నీళ్లల్ల." కొంచెం ఆగి నవ్వింది. "ఇంజనేసుకొని వాలుగకు పోతరా ఎవరన్న? దండోరా ఏసుకుంట దొంగతనానికి పోయినట్టు."

కిష్ట్యా ఎందుకు చెప్పలేదన్నాను.

"ఆనికి టీచరమ్మ మొగడంటె టీచరమ్మ లెక్కనే. మీరు బాయిల దూకుమంటె ఎంత లోతు సారూ అని అడిగి దూకుతడు."

గంప ఎత్తడానికి చేయి ఇచ్చాను. ఆమె నా అరచేయి తిప్పి చూసింది. చూపుడు వేలి మొదలు నుంచి అడ్డంగా, సన్నగా, తెల్లటి గీత.

"ఏమైంది గిది?"

"ఇంజన్ రేకు."

"రేకు కోత పలగ్గొట్టినట్టు ఉంటది సారూ. గిది దారం కోత." తన చేయి చాపింది. అలాంటి గీతలు నాలుగైదు ఉన్నాయి. "నడుస్తున్న దారం."

నేను వెంటనే వచ్చేశాను.


2 నవంబర్

వెళ్లలేదు. షాపులో పని ఉంది.


9 నవంబర్

పని లేదు. అయినా వెళ్లలేదు.


16 నవంబర్

పొద్దున ఏడింటికి గేటు దగ్గర కిష్ట్యా. బస్సులో కోదాడ దాకా వచ్చాడు. చేతిలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ డ్రమ్ము, అందులో వాలుగ. బతికే ఉంది. ఆరేడు కిలోలు ఉంటుంది. బడి పక్కన వలలో పడిందట.

"ఏడాది దగ్గరికొచ్చింది గద సార్. మీ షాపు వెనుక తొట్టిల ఏస్తే అందాక బతుకుతది. ఎవరికీ చెప్పను."

డ్రమ్ములోకి చూశాను. నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. మీసాలు కదులుతున్నాయి.

"ఇది ఆమెది కాదు" అన్నాను.

"ఎట్ల తెలుసు సార్?"

డ్రమ్ముతో సహా అతన్ని నా కారులో ఎక్కించుకుని నీళ్ల దగ్గరికి తీసుకుపోయాను. ఒడ్డున డ్రమ్ము వంచాను. ఒక్క దెబ్బ తోకతో కొట్టి పోయింది. కిష్ట్యా నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. వారం రోజుల్లో వాళ్లకు పడిన మంచి చేప అదొక్కటే.

గౌరీబాయి పై నుంచి చూసి దిగి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"ఒక్క మాట చెప్పుండ్రి సారూ. మీకు చేప దొరకాల్నా, వద్దా?"

"నా చేతితో అని మాటిచ్చాను" అన్నాను.

"మాట సంగతి గాదు. నేనడిగింది గది గాదు."

నాకు కోపం వచ్చింది. మీకు తెలియదు అన్నాను. ఇంకేవో అన్నాను. కిష్ట్యా మధ్యలోకి వచ్చి, "ఊకో గౌరీ, సారు పరేషాన్ల ఉన్నడు" అన్నాడు. ఆ మాట విని ఇంకా కోపం వచ్చింది.


17 నవంబర్

దొరకాలి.


23 నవంబర్

దొరకాలనే రాశాను. అదే పేజీ మళ్లీ చూస్తున్నాను.


30 నవంబర్, ఆదివారం

సెప్టెంబర్ 21 నాడు రాసింది అబద్ధం. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అబద్ధం రాశాను.

జరిగింది ఇది. ఒక్కడినే బయలుదేరాను. బోరు దాటాక పెట్రోల్ అయిపోయింది. అది మాత్రం నిజం. ఇంజన్ ఆగింది. జనవరి నుంచి ఆ నీళ్ల మీద చప్పుడు లేకుండా ఉండటం అదే మొదలు. తెడ్డు వేసుకుంటూ బడి మీదికి వెళ్లాను. చెప్పులు విప్పాను. ఎవరూ చెప్పలేదు, చేతులే విప్పాయి. గాలం వేశాను. మంచు ఉంది. దూరంగా కాలనీలో కోడి కూసింది. పరకలు నీటి పైన చినుకులు పడ్డట్టు ఎగురుతున్నాయి. పది నిమిషాలు కాలేదు.

బెండు మునగలేదు. పక్కకు నడిచింది, మెల్లగా, ఎవరో చేయి పట్టుకుని తీసుకుపోతున్నట్టు. లాగాను. తగిలింది. దాని బరువు భుజం దాకా వచ్చింది.

ఎంతసేపు లాగానో తెలియదు. వరండా వైపు పోయింది, తిప్పాను. రెండోసారి పోయింది, తిప్పాను. మూడోసారి పడవ పక్కకు వచ్చి పొట్ట తిప్పింది. తెల్లగా, పొడుగ్గా ఉంది. పెదవికి పాత గాలం ఉంది. తుప్పు పట్టింది. దానికి రెండు జానల దారం వేలాడుతోంది, ఆకుపచ్చది. ఆ రంగు దారం ఆమె మిర్యాలగూడ నుంచి తెప్పించుకునేది.

అంటే ఆమె చేతులు చాపి చూపించినంతా నిజమే. చివరిసారి చాపినదే సరైన కొలత.

వంగి మొప్ప కింద వేళ్లు దూర్చి పడవలోకి లాగడమే మిగిలింది. ఆ పని నాకు తెలుసు, రాకపోవడం కాదు. అప్పుడు అనిపించింది, ఇది పడవలోకి వస్తే అయిపోతుంది. పిట్టకు పెడతాం. ముడుతుంది. అందరూ చేతులు కడుక్కుని ఇళ్లకు పోతారు. తొవ్వ దొరుకుతుంది.

పిడికిలి వదులు చేశాను. దారం చేతిలోంచి పరుగెత్తింది. కోసింది. అప్పుడు కూడా పట్టుకోవచ్చు. పట్టుకోలేదు.

బీఎస్సీ చదివినవాణ్ణి. కాకికి చోటు దొరికి దిగింది అని రాసిందీ నేనే.

బోరు దగ్గర ఇంజన్ ఆపాలని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. నడుము నొప్పి లేదు. జనవరిలో ఒక్కరోజు ఉంది. గాలీ లేదు. ప్రతి ఆదివారం ఇంజన్ మోగించుకుంటూ వెళ్లింది ఆ వాలుగ పారిపోవడానికే. వెళ్లాను అని చెప్పుకోవడానికి, దొరకలేదు అని తిరిగి రావడానికి. ఆ మధ్యలో కిష్ట్యా వలలు ఖాళీ అయ్యాయి.


2 డిసెంబర్, మంగళవారం

రేపు ఏడాది. తిథి ప్రకారం రేపేనని అయ్యగారు చెప్పారు. బుచ్చమ్మ వదిన సాయంత్రమే దిగింది. సంచిలో మార్కెట్ చేప ఉంది, ఎందుకైనా మంచిదని.

మధ్యాహ్నం కాలనీకి వెళ్లాను. వాళ్లిద్దరూ ఇంటి ముందు వలకు ముళ్లు వేస్తున్నారు. నిలబడే చెప్పాను. సెప్టెంబర్ సంగతి అంతా. పాత గాలం, ఆకుపచ్చ దారం. వదిలేశానని.

కిష్ట్యా వల కింద పెట్టి తల పట్టుకున్నాడు. "పడవ పక్కకు వచ్చినంకనా సార్?" అన్నాడు. చేపల మనిషికి బాధ కలిగేది అక్కడే.

గౌరీబాయి ముడి వేయడం ఆపలేదు. "నాకు చెయ్యి జూసిననాడే ఎర్కయింది" అంది. తర్వాత అడిగింది. "వదిలినంక ఏమైంది సారూ? టీచరమ్మ ఉన్నదా?"

నేను వల కొస పట్టుకుని కింద కూర్చున్నాను.

"టీచరమ్మ పడవ ఎక్కితె నా గాజులు గూడ పైకి ఎగదోసుకొమ్మంటుండె, గలగలమంటయని. గసొంటి మనిషి మీ ఇంజన్ మోతల ఎట్లుంటదనుకున్నరు? ఉండుమన్నా ఉంటదా?" గొంతు తగ్గించింది. "ఉంచుకోనీకె సప్పుడు జేసిన్రు. గా సప్పుడుకు ఆమె ఎన్నడో లేచి పోయి ఉంటది. ఒక్కపాలి సప్పుడు లేకుంట పోయి కనవడి రాండ్రి."

కిష్ట్యా స్పానర్ తెచ్చాడు. నేను వద్దన్నాను. నేనే బిగించాను, నేనే విప్పాలి. నాలుగు బోల్టులు. జనవరిలో బాగా గట్టిగా బిగించాను, రెండు కదలనే లేదు, ఆయిల్ పోసి ఆగాల్సి వచ్చింది. ఇంజన్ కారు డిక్కీలో వేశాను. కిష్ట్యా పడవ వెనక చెక్క మీద నాలుగు రంధ్రాలు మిగిలాయి. మైనం పెట్టి పూడ్చాను.

"నేను గూడ రావాల్నా సార్?"

"వద్దు."

"తోవ తెలుస్తదా?"

"బోరు దాకా నువ్వు చెప్పిన గుర్తులు. అక్కడి నుంచి గదులు తెలుసు."

బడి మీద ఇప్పుడు ఎంత లోతు అని అడిగాను. రెండున్నర నిలువులు అన్నాడు. వాలుగ మళ్లీ అక్కడికి వస్తోందా అంటే, నెల రోజులుగా నేను ఇంజన్ వేసుకుని రాలేదు కనుక వస్తుండవచ్చు అన్నాడు. అతను ఉన్నమాట అన్నాడు, ఎత్తిపొడవడం అతనికి రాదు.

వస్తుంటే గౌరీబాయి వెనక నుంచి కేక వేసింది. "పరకలు మూడు గంటలకే పట్టి కుండల ఉంచుత. పట్టుకొస్తె తలకాయ నాకు బంపుండ్రి. పిట్ట తలకాయ తినది!"

దొరకకపోవచ్చు. ఆ చేప నన్ను ఒకసారి చూసింది. దొరకకపోతే మార్కెట్ చేప పెట్టను. మాట నిలబెట్టుకోలేకపోయానని విస్తరి ముందు నిలబడి చెబుతాను, సెప్టెంబర్ సంగతి కూడా అందరి ముందు చెబుతాను. వదిన ఏడుస్తుంది. ఏడవనీ.

రేపు పొద్దున నాలుగింటికి లేస్తాను. ఐదింటికి ఒడ్డున చెప్పులు విప్పి పడవ ఎక్కుతాను. గంటా ఇరవై నిమిషాలు తెడ్డు వేస్తాను. వరండా మీద గాలం వేస్తాను. అది వస్తే, చేయి ఎంత తెగినా దారం వదలను.